ప్లాస్టిక్ మీద తొలి పొర: ప్రోటీన్లు, పాలిమర్ల గురించి మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాలు రకరకాలుగా ఉన్నా చిక్కుముడి దాదాపు ఒకటే. ఒంట్లో పెట్టే వస్తువుకో, కణాలు పెంచే జల్లెడకో పాలిమర్‌ను ఎంచుకుంటారు, దాని మీద ప్రోటీన్ ఎలా ప్రవర్తిస్తుందో ముందుగా లెక్కవేసుకోరు. చాలా ఉత్తరాల్లో తప్పు పాలిమర్ మీదకు నెట్టేశారు. చదివాక మాకు మాత్రం చాలాచోట్ల నీటిదే పాత్ర ఎక్కువగా కనిపించింది.

ప్రశ్న: రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాలో అన్నిటికంటే ఎక్కువ ఉండే ప్రోటీన్ ఆల్బుమిన్ కదా. మరి కృత్రిమ రక్తనాళం, కాథెటర్ లాంటి వాటి సంగతి వచ్చేసరికి ఎప్పుడూ గడ్డకట్టడానికి పనికొచ్చే ఫైబ్రినోజెన్ పేరే ఎందుకు వినిపిస్తుంది? (ఎమ్మెస్సీ విద్యార్థిని)

మిల్లీలీటరు ప్లాస్మాలో ఆల్బుమిన్ 35 నుంచి 50 మిల్లీగ్రాములు, ఇమ్యునోగ్లోబ్యులిన్-జి 10 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా, ఫైబ్రినోజెన్ 2 నుంచి 4 మిల్లీగ్రాములు ఉంటాయి. పాలిమర్ రక్తానికి తగిలిన కొన్ని సెకన్లలోనే ప్రోటీన్ పొర పరుచుకోవడం మొదలవుతుంది. ముందుగా చేరేది సంఖ్యలో ఎక్కువగా, పరిమాణంలో చిన్నగా ఉండి వేగంగా కదిలేది. అందుకే తొలి క్షణాల్లో ఆల్బుమిన్‌దే పైచేయి. దాని అణుభారం 66 కిలోడాల్టన్లు. ఫైబ్రినోజెన్‌ది 340, పొడవు సుమారు 45 నానోమీటర్లు. అది నెమ్మదిగా వచ్చినా ఒకేసారి చాలాచోట్ల పట్టు దొరికించుకుంటుంది. ఒక పట్టు జారినా మిగిలినవి వదలవు. అలా ఆల్బుమిన్‌ను పక్కకు నెట్టి తాను కూర్చుంటుంది. గాజు లాంటి జలాకర్షక ఉపరితలాల మీద ఫైబ్రినోజెన్‌ను కూడా తర్వాత మరో ప్రోటీన్, అధిక అణుభార కైనినోజెన్, తోసేస్తుంది. రక్తంలో దాని పరిమాణం చాలా తక్కువ. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నది ఇక్కడ అక్షరాలా నిజం. 1960లలో లియో వ్రోమన్ ఈ మార్పిడిని గమనించారు కాబట్టి దీన్ని వ్రోమన్ ప్రభావం అంటారు.

టెఫ్లాన్, సిలికోన్, పాలీస్టైరీన్ లాంటి జలవికర్షక పాలిమర్ల మీద ఈ మార్పిడి మందగిస్తుంది. ఎందుకంటే వాటి ఉపరితలాన్ని ఆనుకుని ఉన్న నీటి అణువులు ఒద్దికగా, ఇరుకుగా సర్దుకుని ఉంటాయి. ప్రోటీన్ వచ్చి వాలగానే ఆ నీరు విడుదలై స్వేచ్ఛగా కదులుతుంది. అలా పెరిగే ఎంట్రోపీయే (అణువుల స్వేచ్ఛకు కొలత) ప్రోటీన్‌ను అక్కడ నిలబెడుతుంది. ఆపైన ప్రోటీన్ మడత విప్పుకుని, లోపల దాచుకున్న జలవికర్షక భాగాలను కూడా పాలిమర్‌కు ఆనిస్తుంది. గంట గడిచాక దాన్ని కడిగి తీయడం కష్టం.

ఫైబ్రినోజెన్ గురించి ఆందోళన దేనికంటే, రక్తంలో తేలుతున్నప్పుడు అది మామూలు ప్లేట్‌లెట్లకు అంటదు. పాలిమర్ మీద కూర్చుని ఆకారం మార్చుకున్నాక ప్లేట్‌లెట్ పట్టుకునే భాగాలు బయటపడతాయి. అక్కడి నుంచి గడ్డకట్టడానికి దారి తెరుచుకుంటుంది. దీనికి ఎంత ఫైబ్రినోజెన్ కావాలి? చదరపు సెంటీమీటరుకు 10 నానోగ్రాములు కూడా చాలు. పక్కకు పడుకున్న ఫైబ్రినోజెన్ అణువుల నిండు పొర బరువు చదరపు సెంటీమీటరుకు సుమారు 200 నానోగ్రాములు. అంటే పొరలో ఇరవయ్యో వంతు. “ప్రోటీన్ అంటుకోవడం 95 శాతం తగ్గించాం” అన్న వాక్యం ఎక్కడైనా కనిపిస్తే ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి. మిగిలిన ఆ 5 శాతమే ప్లేట్‌లెట్లకు సరిపోతుంది.

ముందే ఆల్బుమిన్ పూత వేస్తే పోదా అని కూడా అడిగారు. కొన్ని గంటల పనికైతే ఉపయోగమే. రసాయనికంగా బంధించని ఆల్బుమిన్ రోజుల తరబడి రక్తంలో నిలవదు, చోటు ఖాళీ చేస్తుంది.

ప్రశ్న: పీఈజీ (పాలీఇథిలీన్ గ్లైకాల్) పూత వేసినా మా ఫిల్మ్‌కు ప్రోటీన్ అంటుకుంటూనే ఉంది. స్పర్శకోణం (ఉపరితలం మీద నీటిచుక్క అంచు చేసే కోణం) తగ్గింది, అంటే పూత ఉన్నట్టే కదా? (పరిశోధక విద్యార్థి)

స్పర్శకోణం తగ్గితే పీఈజీ ఎంతో కొంత ఉందని తెలుస్తుంది, చాలినంత ఉందో లేదో తెలియదు. అసలు కొలవాల్సింది గొలుసుల మధ్య దూరం.

5000 అణుభారం ఉన్న పీఈజీ గొలుసు నీటిలో సుమారు 6 నానోమీటర్ల ఉండలా చుట్టుకుని ఉంటుంది. గొలుసులు 6 నానోమీటర్లకు ఒకటి చొప్పున నాటుకుంటే అవి విడివిడి పుట్టగొడుగుల్లా ఉంటాయి. వాటి సందుల్లోంచి లైసోజైమ్ లాంటి 14 కిలోడాల్టన్ల ప్రోటీన్ దర్జాగా లోపలికి దూరుతుంది. దూరం 2 నానోమీటర్లకు తగ్గితే గొలుసులు ఒకదాన్నొకటి నెట్టుకుని నిటారుగా లేచి బ్రష్‌లా నిలబడతాయి. అప్పుడు ప్రోటీన్ దిగాలంటే గొలుసులను నలపాలి, వాటిని పట్టుకుని ఉన్న నీటిని పిండాలి. రెండూ ఖరీదైన పనులే కనుక దిగదు. మీ ఫిల్మ్ ఎక్కడుందో తెలుసుకోవడానికి లెక్క సులువు. 5000 పీఈజీ 6 నానోమీటర్ల దూరంలో ఉంటే చదరపు సెంటీమీటరుకు 23 నానోగ్రాములు, 2 నానోమీటర్ల దూరంలో ఉంటే 200 నానోగ్రాములు ఉండాలి. ఎలిప్సోమెట్రీతో (కాంతితో పలుచని పొరలను కొలిచే పద్ధతి) ఆరిన పొర మందం కొలిచినా తేలిపోతుంది: మొదటిదానికి అర నానోమీటరు కూడా రాదు, రెండోదానికి 2 నానోమీటర్లు దాకా వస్తుంది.

గొలుసులు దగ్గరగా నాటుకోకపోవడానికి మామూలు కారణం ఇది. మంచినీటి లాంటి ద్రావణంలో ముందు నాటుకున్న గొలుసు విప్పారి పక్కవాటిని రానివ్వదు. ఉప్పు గాఢత పెంచి, 60 డిగ్రీల దగ్గర నాటితే పీఈజీకి నీటిలో ఇమడబుద్ధి కాదు. గొలుసులు ముడుచుకుంటాయి, ఎక్కువ పడతాయి. పొటాషియం సల్ఫేట్ ఇందుకు బాగా పనిచేస్తుంది. ద్రావణం మబ్బుగా మారే హద్దుకు కాస్త ఇవతల ఆగండి, దాటితే పీఈజీ ముద్దగా విడిపోతుంది.

వారాల తరబడి ఒంట్లో ఉండాల్సిన వస్తువైతే మరో సంగతి. పీఈజీ ఆక్సిజన్ సమక్షంలో, లోహ అయాన్లు తోడైతే ఇంకా త్వరగా, ఆక్సీకరణ చెంది తెగిపోతుంది. కొందరి రక్తంలో పీఈజీకి ప్రతిరక్షకాలు కూడా ఉంటాయి. అలాంటి పనికి ధన, రుణ ఆవేశాలు రెండూ పక్కపక్కనే ఉండి మొత్తంమీద తటస్థంగా ఉండే జ్విటెరయానిక్ పాలిమర్లను (సల్ఫోబీటైన్, కార్బాక్సీబీటైన్, ఫాస్ఫోరైల్ కోలీన్ రకాలు) చూడమంటాం. అవి నీటిని హైడ్రోజన్ బంధాల కంటే గట్టిగా, ఆవేశాలతో పట్టి ఉంచుతాయి.

ప్రశ్న: జెలటిన్, పీసీఎల్ (పాలీకాప్రోలాక్టోన్) కలిపి ఎలక్ట్రోస్పిన్నింగ్ (అధిక వోల్టేజితో ద్రావణం నుంచి సన్నని దారాలు తీయడం) చేస్తున్నాం. మొదటి గంట దారం బాగా వస్తుంది, తర్వాత పూసలు కడుతోంది. వచ్చిన జల్లెడ కూడా నీళ్లలో వేయగానే కుంచించుకుపోతోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాం? (ఇద్దరు పీహెచ్‌డీ విద్యార్థులు కలిసి రాసిన ఉత్తరం)

రెండు వేర్వేరు తప్పులు జరుగుతున్నాయి.

మొదటిది సిరంజిలోనే ఉంది. జెలటిన్ ఆవేశాలు నిండిన ప్రోటీన్. పీసీఎల్‌కు ఆవేశం ఊసే లేదు. ట్రైఫ్లోరోఇథనాల్ రెండింటినీ విడివిడిగా బాగానే కరిగిస్తుంది. ఒక్క పాత్రలో పోస్తే మాత్రం కాసేపటికి రెండూ వేరుపడతాయి. కొత్తగా కలిపిన ద్రావణాన్ని గాజుసీసాలో పోసి వెలుతురుకు పెట్టి చూడండి. తెల్లటి మబ్బు కనిపిస్తుంది, కదపకుండా ఉంచితే అడుగున పొర కడుతుంది. సిరంజిలో ఏ క్షణాన ఏది సూదిలోకి వస్తుందో తెలియదు, అందుకే మొదట దారం, తర్వాత పూసలు.

మందు చిన్నదే: ద్రావణం ఘనపరిమాణంలో 0.2 శాతం ఎసిటిక్ ఆమ్లం. పది మిల్లీలీటర్లకు 20 మైక్రోలీటర్లు. జెలటిన్ మీద ధనావేశం పెరిగి గొలుసులు ఒకదాన్నొకటి వికర్షించుకుంటాయి, ముద్దలు చెదురుతాయి, మబ్బు విడి ద్రావణం తేటపడుతుంది. అక్కడే ఆగండి. ఎక్కువ వేస్తే ఇంకా మంచిదేమో అనుకోవద్దు. ఆమ్లం ఎక్కువై, నిల్వ కాలం పెరిగితే పీసీఎల్ ఎస్టర్ బంధాలు తెగుతూ పోతాయి. ద్రావణం ఏ రోజుకారోజు చేసుకోవాలి.

మొదలుపెట్టడానికి ఒక కొలత ఇస్తాం. జెలటిన్ (పంది చర్మం నుంచి తీసిన ఎ-రకం) 0.5 గ్రాములు, 70,000–90,000 అణుభారపు పీసీఎల్ 0.5 గ్రాములు, ట్రైఫ్లోరోఇథనాల్ 10 మిల్లీలీటర్లు. మూత బిగించి రాత్రంతా కలపండి, ఉదయం ఆమ్లం వేసి తేటపడేదాకా చూడండి. 21 లేదా 22 గేజి సూది, గంటకు 1 మిల్లీలీటరు, సూదికీ పళ్లేనికీ మధ్య 12 నుంచి 15 సెంటీమీటర్లు, 10 నుంచి 15 కిలోవోల్టులు. గదిలో తేమ 50 శాతం దాటితే పని ఆపేయడం మేలు. ద్రావణి ఆరేలోగా జెలటిన్ తేమ పీల్చి దారాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ట్రైఫ్లోరోఇథనాల్ ఆవిరి విషం, ఫ్యూమ్‌హుడ్ బయట పెట్టకండి.

పూసలు అప్పటికీ ఉంటే గాఢత తక్కువని అర్థం, 1 శాతం చొప్పున పెంచుతూ వెళ్లండి. సూది మొనన చుక్క ఎండి గడ్డకడుతుంటే ప్రవాహం తక్కువ. పళ్లెం మీద తడి మచ్చలు పడితే దూరం తక్కువ.

రెండో తప్పు, జల్లెడ కుంచించుకుపోవడం. దారంలోని జెలటిన్ గొలుసుల మధ్య ముడులు లేవు, అందుకే అది 37 డిగ్రీల నీటిలో కరిగిపోతుంది. దాన్ని క్రాస్‌లింక్ చేయాల్సిందే, అంటే గొలుసులను ఒకదానికొకటి ముడివేయాల్సిందే. అయితే క్రాస్‌లింక్ చేసే ద్రావణం కూడా నీరే అయితే ముడి పడేలోగా దారం కరుగుతుంది. మీ ఉత్తరంలో ఈడీసీని (కార్బాక్సిల్, అమైన్ సమూహాలను ముడివేసే రసాయనం) పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ కలిసిన ఉప్పునీరు) కలిపామని రాశారు, చిక్కు అక్కడే. నీటికి బదులు 90 శాతం ఇథనాల్ వాడండి. 100 మిల్లీలీటర్లకు ఈడీసీ హైడ్రోక్లోరైడ్ 0.96 గ్రాములు (50 మిల్లీమోలార్), దానికి తోడుగా వాడే ఎన్‌హెచ్‌ఎస్ 0.29 గ్రాములు (25 మిల్లీమోలార్), 4 డిగ్రీల వద్ద 24 గంటలు. తర్వాత ఇథనాల్‌తో, ఆపైన నీటితో మూడేసిసార్లు కడగండి. ఇథనాల్ 95 శాతం దాటితే జెలటిన్ ఉబ్బక ముడులు పైపైనే పడతాయి, 70కి తగ్గితే దారాల మధ్య సందులు పూడుకుపోతాయి.

గ్లుటరాల్డిహైడ్ ఆవిరి పట్టించడం తేలికే కానీ, మిగిలిపోయిన ఆల్డిహైడ్ కణాలను చంపుతుంది. తప్పదంటే 0.1 మోలార్ గ్లైసీన్‌లో రెండు గంటలు నానబెట్టి ఆ మిగులును తీసేయండి. జెనిపిన్ సౌమ్యమైనదే. దాంతో జల్లెడ నీలంగా మారుతుంది, తర్వాత సూక్ష్మదర్శిని కింద ఫ్లోరెసెన్స్ చూడాలంటే అడ్డు.

పని అయిందా లేదా తేల్చుకోవడానికి ఆరిన ముక్క బరువు తూచి, 37 డిగ్రీల పీబీఎస్‌లో 24 గంటలు ఉంచి, కడిగి ఆరబెట్టి మళ్లీ తూచండి. జెలటిన్ సగం ఉన్న దారంలో బరువు 50 శాతం దాకా పడిపోతే జెలటిన్ అంతా కొట్టుకుపోయి పీసీఎల్ మాత్రమే మిగిలినట్టు. దీన్ని తూచకుండా నేరుగా కణాలు పోసి “జెలటిన్ వల్ల లాభం కనిపించలేదు” అని రాసేవాళ్లు తక్కువేం లేరు.

ఇదే సందర్భంలో మరో మాట. జెలటిన్‌కు బదులు ఖరీదైన కొలాజెన్ వాడితే మంచిదా అని చివర్లో అడిగారు. ఫ్లోరిన్ ఉన్న ఆల్కహాళ్లలో కొలాజెన్ మూడు పోగుల పేట చాలావరకు విడిపోతుంది. బయటకు వచ్చేది జెలటిన్ లాంటిదే. ఆ ద్రావణిలో దారం తీసేటట్టయితే జెలటిన్‌తోనే కానివ్వండి.

ప్రశ్న: పీసీఎల్ స్కాఫోల్డ్‌లో (కణాలు పెరగడానికి చేసిన రంధ్రాల చట్రం) కణాలు పైపైనే ఉంటున్నాయి, లోపల ఒక్కటీ లేదు. ప్లాస్మా చికిత్స (రక్తప్లాస్మా కాదు, అయనీకరించిన వాయువుతో ఉపరితలాన్ని మార్చడం) కూడా చేశాం. (ప్రయోగశాల సహాయకుడు)

పైన పటారం, లోన లొటారం. ప్లాస్మా ఉపరితలానికీ, దానికి దగ్గరి రంధ్రాలకే చేరుతుంది. మందపాటి స్కాఫోల్డ్ నడిబొడ్డు పొడిగా, గాలి బుడగలతో నిండి ఉంటుంది. గాలి ఉన్నచోటికి ప్రోటీన్ చేరదు, ప్రోటీన్ లేనిచోట కణం నిలవదు.

ముందు 70 శాతం ఇథనాల్‌లో ముంచి, డెసికేటర్‌లో వాక్యూమ్ పట్టి వదలండి. బుడగలు రావడం ఆగేదాకా రెండు మూడుసార్లు. స్కాఫోల్డ్ తేలకుండా మునిగిపోవాలి, అదే గుర్తు. అక్కడి నుంచి 50 శాతం, 25 శాతం, తర్వాత పీబీఎస్ మూడుసార్లు, చివరిసారి కనీసం గంట. మధ్యలో ఆరనివ్వకండి, ఆరితే మళ్లీ మొదటికే వస్తుంది. ఆ తర్వాత కణాలు పట్టుకునే ప్రోటీన్ అయిన ఫైబ్రోనెక్టిన్ మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల ద్రావణంలో 37 డిగ్రీల వద్ద గంట, అప్పుడు సీరమ్ ఉన్న మాధ్యమం. ఈ వరస తిరగేస్తే సీరమ్‌లోని ఆల్బుమిన్ ముందు కూర్చుంటుంది. దాని మీద కణం పట్టుకునే ఆర్జినిన్-గ్లైసీన్-ఆస్పార్టిక్ ఆమ్లం వరస లేదు. ఫైబ్రోనెక్టిన్‌లో ఉన్నది ఆ వరసే అని 1984లో తేలింది.

ప్లాస్మా చేసిన ముక్కను వారం దాచి వాడారేమో కూడా చూసుకోండి. గాలిలో ఉంచితే ఉపరితలంలోని ధ్రువ సమూహాలు లోపలికి తిరిగిపోతాయి. సిలికోన్‌లో అయితే గంటల్లోనే మొదలవుతుంది. పీసీఎల్ 60 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఆటోక్లేవ్ ఊసెత్తకండి. పీఎల్‌జీఏ (లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాల పాలిమర్) దారాల జల్లెడకు పై పద్ధతి యథాతథంగా పనికిరాదు, ఇథనాల్‌లో ముడుచుకుపోతుంది. అంచులు కదలకుండా చట్రంలో బిగించి, నానబెట్టే సమయం తగ్గించాలి.

ప్రశ్న: ఈడీసీ, ఎన్‌హెచ్‌ఎస్‌తో ప్రోటీన్‌ను పాలిమర్‌కు బంధించబోతే ఒకసారి అసలు అంటదు, ఇంకోసారి ద్రావణంలోనే తెల్లటి ముద్దలు వస్తాయి. కారణం ఏమిటి?

ముద్దలు రావడానికి కారణం అన్నీ ఒకే గిన్నెలో పోయడం. ప్రోటీన్ మీద కార్బాక్సిల్ సమూహాలూ ఉన్నాయి, అమైన్లూ ఉన్నాయి. ఈడీసీ ఎదురైతే పాలిమర్‌ను పక్కనపెట్టి ప్రోటీన్లు తమలో తామే ముడిపడతాయి. కనుక రెండు మెట్లలో చేయాలి. మొదటి మెట్టు పాలిమర్‌కు మాత్రమే: 0.1 మోలార్ ఎంఈఎస్ బఫర్, పీహెచ్ 5.5, 10 మిల్లీలీటర్లలో ఈడీసీ 96 మిల్లీగ్రాములు, ఎన్‌హెచ్‌ఎస్ 58 మిల్లీగ్రాములు, గది ఉష్ణోగ్రతలో 15 నుంచి 30 నిమిషాలు. చల్లటి ఎంఈఎస్‌తో రెండుసార్లు చకచకా కడిగి, వెంటనే రెండో మెట్టు: పీహెచ్ 7.4 పీబీఎస్‌లో మిల్లీలీటరుకు 0.1 నుంచి 1 మిల్లీగ్రాము ప్రోటీన్, రెండు గంటలు. చివర 50 మిల్లీమోలార్ ఇథనాలమీన్, పీహెచ్ 8, అరగంట.

అసలు అంటకపోవడానికి మేం ఎక్కువగా అనుమానించేవి ఇవి. ఈడీసీ సీసాను ఫ్రీజర్‌లోంచి తీసి చల్లగా ఉండగానే తెరిస్తే తేమ చేరి పొడి ముద్దకడుతుంది, దాని శక్తి పోయినట్టే. గది ఉష్ణోగ్రతకు వచ్చాకే మూత తీయాలి. ట్రిస్, గ్లైసీన్ బఫర్లలో అమైన్లు ఉన్నాయి, అవే ప్రోటీన్ చోటు తినేస్తాయి. ఎసిటేట్‌లో కార్బాక్సిల్ ఉంది, అది ఈడీసీనే తినేస్తుంది. పీహెచ్ 8.6 దగ్గర ఎన్‌హెచ్‌ఎస్ ఎస్టర్ 4 డిగ్రీల చలిలో కూడా 10 నిమిషాలకు సగమైపోతుంది. పీహెచ్ 7, సున్నా డిగ్రీల్లో 4 నుంచి 5 గంటలు నిలుస్తుంది. కాబట్టి “క్షారంగా ఉంటే అమైన్ చురుగ్గా ఉంటుంది” అన్న పాఠాన్ని మరీ దూరం లాగకండి. అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది కొన్న ప్రోటీన్ సీసాలోని నిలకడ పదార్థం. యాంటీబాడీలకూ, గ్రోత్ ఫ్యాక్టర్లకూ తోడుగా తరచు బీఎస్‌ఏ (ఆవు సీరమ్ ఆల్బుమిన్) కలిపి అమ్ముతారు. అసలు సరుకు మైక్రోగ్రాముల్లో, బీఎస్‌ఏ మిల్లీగ్రాముల్లో. మీరు పాలిమర్‌కు బంధించింది బీఎస్‌ఏనే. బీఎస్‌ఏ కలపనిది కావాలని అడిగి తెప్పించుకోండి.

ఇంకోటి. మామూలు పీసీఎల్ ఉపరితలం మీద చెప్పుకోదగ్గ కార్బాక్సిళ్లు లేవు. 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో గంట ఉంచితే ఫిల్మ్ మీద కొన్ని ఏర్పడతాయి. సన్నని దారాలకైతే గాఢత పదో వంతుకు తగ్గించి, ఎప్పటికప్పుడు చూసుకుంటూ చేయండి. పీఎల్‌జీఏ అయితే క్షారంలో తొందరగా తినేసుకుపోతుంది.

ఈడీసీ వేయని ముక్కను పక్కన పెట్టుకోని ప్రయోగం లెక్కలోకి రాదు. రెండు ముక్కలనూ 1 శాతం ఎస్‌డీఎస్ డిటర్జెంట్‌లో కడిగాక మిగిలినదాన్ని పోల్చండి. తేడా లేకపోతే మీది బంధం కాదు, ఉత్త అధిశోషణం (ఉపరితలానికి ఊరికే అంటుకోవడం).

ప్రశ్న: పీఎల్‌జీఏ గోళాల్లో పెట్టిన ప్రోటీన్ మొదటిరోజే సగం వచ్చేసి, తర్వాత ఆగిపోయింది. పాలిమర్ కరిగిపోయాక కూడా మిగతాది బయటకు రాలేదు. ఏమైంది? (ఫార్మసీ విద్యార్థిని)

మొదటిరోజు వచ్చేసింది ఉపరితలానికి దారి ఉన్న రంధ్రాల్లోనిది. రానిది లోపల పాడైపోయింది.

మీరు చేసింది నీరు-నూనె-నీరు ఎమల్షన్. లోపలి నీటి చుక్కకూ, డైక్లోరోమీథేన్‌కూ మధ్య ఉన్న హద్దు టెఫ్లాన్ కంటే ప్రమాదకరం. సోనికేటర్ (శబ్దతరంగాలతో చిలికే పరికరం) ఆ హద్దును క్షణక్షణం కొత్తగా సృష్టిస్తుంటుంది, ప్రతిసారీ కొంత ప్రోటీన్ అక్కడ చేరి మడత విప్పుకుంటుంది. తర్వాత పాలిమర్ కరుగుతూ లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాలు వదులుతుంది. గోళం బయట పీహెచ్ 7.4 ఉన్నా లోపల 3కి దిగువకు కూడా పడిపోగలదు. ఆ పులుపులో, మిల్లీలీటరుకు వందల మిల్లీగ్రాముల ఇరుకులో ప్రోటీన్ ముద్దకడుతుంది. కొంత పాలిమర్‌కే అంటుకుంటుంది. కొన్ని పెప్టైడ్‌ల అమైన్లకు పాలిమర్ ముక్కలు రసాయనికంగా అతుక్కుంటాయి కూడా, ఆక్ట్రియోటైడ్ ఇందుకు తెలిసిన ఉదాహరణ.

ఏ కారణమో తేల్చడానికి చివర మిగిలిన ముద్దను మూడు దశల్లో కరిగించండి. ముందు మామూలు బఫర్. కరగకపోతే 6 మోలార్ యూరియా. అందులో కరిగితే బలహీన బంధాల ముద్ద, పులుపు లేదా ఆ హద్దు పని. దానికీ లొంగక, 10 మిల్లీమోలార్ డీటీటీ (డైసల్ఫైడ్ బంధాలను విడగొట్టే రసాయనం) కలిపితేనే కరిగితే డైసల్ఫైడ్ మార్పిడి జరిగింది, అంటే తేమ, తటస్థ పీహెచ్‌ల పని. మందులు వేర్వేరు. మొదటిదానికి పాలిమర్ బరువులో 3 శాతం మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కలిపితే ఆమ్లం విరుగుతుంది. దీన్నే రెండోదానికి వాడితే లాభం లేదు, పీహెచ్ పెరిగి ఇంకా చెడుతుంది.

మొదటిరోజు ఉధృతి తగ్గాలంటే లోపలి నీటి పాలు తగ్గించండి: 200 మిల్లీగ్రాముల పాలిమర్ కరిగిన మిల్లీలీటరు డైక్లోరోమీథేన్‌కు 100 మైక్రోలీటర్లు దాటనివ్వకండి. బయటి పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) నీటిలో ఉప్పు వేసి లోపలి గాఢతతో సమానం చేస్తే గోళాలు గట్టిపడేలోగా నీరు అటూ ఇటూ పోదు. అసలు నీటిని తప్పించి ప్రోటీన్‌ను పొడిగానే పాలిమర్‌లో చెదరగొట్టడం మరో దారి. నెలకో రెండువారాలకో ఒకసారి ఇచ్చే గ్రోత్ హార్మోన్ మందు న్యూట్రోపిన్ డిపో (1999) అలాగే, జింకుతో కలిపిన హార్మోన్ పొడితో తయారైంది. 2004లో దాని తయారీ ఆపేశారు. 1989 నాటి లూప్రాన్ డిపో మాత్రం నేటికీ వాడుకలో ఉంది. అందులో ఉన్నది తొమ్మిది అమైనో ఆమ్లాల పెప్టైడ్, పాడవడానికి దానికి మడతే లేదు.

ప్రశ్న: నా కాంటాక్ట్ లెన్స్ మీద తెల్లటి తెర కడుతోంది. నీరు ఎక్కువ ఉండే రకమైతే ప్రోటీన్ అంటదని విన్నాను, నిజమేనా? (గృహిణి)

నిజం కాదు. నీటి శాతం కంటే ఆవేశం ముఖ్యం. కన్నీటిలోని లైసోజైమ్‌ది ధనావేశం. మెథాక్రిలిక్ ఆమ్లం కలిసిన, రుణావేశం ఉన్న నీటి లెన్సులు దాన్ని స్పాంజిలా పీల్చుకుంటాయి. అయితే లోపలికి వెళ్లిన లైసోజైమ్ చాలావరకు తన ఆకారంలోనే, చురుగ్గానే ఉంటుంది. కంటికి పెద్దగా తెలియదు. సిలికోన్ హైడ్రోజెల్ లెన్సులకు అంటేది దాంతో పోలిస్తే చాలా తక్కువ, కానీ అంటిన దానిలో మడత విప్పుకున్న పాలు ఎక్కువ. కన్నీటి కొవ్వులు కూడా వీటికే ఎక్కువ పడతాయి. మీకు కనిపించే తెర ఆ రెండూ కలిసింది కావచ్చు. వాడేటప్పుడు ద్రావణం పోసి ఊరికే నానబెట్టడం కంటే అరచేతిలో వేలితో రుద్ది కడగడం బాగా పనిచేస్తుంది. గడువు దాటిన జతను పొడిగించకండి. కన్ను ఎర్రబడినా, నొప్పి ఉన్నా లెన్స్ తీసేసి కంటి వైద్యుణ్ణి కలవండి.

ప్రశ్న: మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము గ్రోత్ ఫ్యాక్టర్ ద్రావణం చేసి ట్యూబుల్లో పంచాను. వారం తర్వాత కొలిస్తే దాదాపు ఏమీ లేదు. విచ్ఛిన్నమైపోయిందా?

ట్యూబుకు అంటుకుపోయి ఉంటుంది. మిల్లీలీటరు ద్రావణం చిన్న ట్యూబులో సుమారు 4 చదరపు సెంటీమీటర్ల ప్లాస్టిక్‌ను తడుపుతుంది. చదరపు సెంటీమీటరుకు 0.2 మైక్రోగ్రాముల పొర అనుకుంటే 0.8 మైక్రోగ్రాములు గోడకే పోయాయి. మీ దగ్గరున్నదే ఒకటి. అదే ద్రావణం మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము అయితే పోయేది వెయ్యిలో ఒక వంతు కూడా కాదు, ఎవరికీ తెలియను కూడా తెలియదు. కాబట్టి గాఢంగానే దాచి, వాడేరోజు పలుచన చేసుకోండి. పాలీస్టైరీన్ మానేసి ప్రోటీన్ తక్కువగా అంటుకునే రకం పాలీప్రొపిలీన్ ట్యూబులు తీసుకోండి. 0.1 శాతం బీఎస్‌ఏ కలిపితే గోడను అదే ముందు ఆక్రమిస్తుంది. బీఎస్‌ఏ అడ్డమైన పనికి (పైన చెప్పిన ఈడీసీ లాంటి వాటికి) 0.01 శాతం పాలీసార్బేట్ అనే డిటర్జెంట్ వాడండి. పలుచని ద్రావణాన్ని ఫిల్టరులోంచి పంపితే పొర విస్తీర్ణం ట్యూబు గోడ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి అక్కడా ఇంతే నష్టం. ముందు ఫిల్టర్ చేసి, తర్వాత పలుచన చేయాలి.

కొలత సంగతి కూడా అడిగారు. పాలిమర్‌కు అంటిన ప్రోటీన్‌ను క్వార్ట్జ్ తూకంతో (కంపించే స్ఫటికంతో బరువు కొలిచే పరికరం) చూస్తే ప్రోటీన్‌తో పాటు అది పట్టుకున్న నీరు కూడా తూగుతుంది, సంఖ్య ఎక్కువగా వస్తుంది. ఎలిప్సోమెట్రీ లాంటి కాంతి పద్ధతుల్లో నీరు కలవదు. రెండు సంఖ్యలూ కలవలేదని కంగారుపడక్కర్లేదు, తేడాయే పొరలోని నీరు. రంగు పరీక్షల్లో బ్రాడ్‌ఫోర్డ్ జెలటిన్‌నూ, కొలాజెన్‌నూ తక్కువ చేసి చూపిస్తుంది, డిటర్జెంట్ తగిలితే గాడి తప్పుతుంది. బీసీఏ డిటర్జెంట్‌ను తట్టుకుంటుంది కానీ డీటీటీ, ఈడీటీఏ ఉంటే పనికిరాదు. ఏది వాడినా ప్రామాణిక రేఖను బీఎస్‌ఏతో గీయకండి, మీరు కొలవబోయే ప్రోటీన్‌తోనే, మీ బఫర్‌లోనే గీయండి.